క్రాకోవా గురించి ఎక్స్-మెన్ అభిమానులు ఎందుకు కొట్టుకుంటున్నారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఎక్స్-మెన్ '97 కార్టూన్ చూశాక కామిక్స్ మొదలుపెడదామనుకున్నాను. ఒకరు 2019 నాటి క్రాకోవా కథల్ని మించినవి లేవంటారు. ఇంకొకరు అక్కడితో ఎక్స్-మెన్ చచ్చిపోయిందంటారు. ఒకే పుస్తకం మీద ఇంత తేడా ఏంటి? ఎవరి మాట నమ్మాలి?"

ఇద్దరినీ నమ్మండి. మొదటివాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం లేదు, రెండోవాళ్ళ బాధలో నటన లేదు. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో దొరికిన విడి ఇష్యూలతో మొదలుపెట్టి, ఇప్పుడు మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో చదువుతున్నవాణ్ణి నేను. ఈ గొడవ నాకు కొత్త కాదు. ప్రతి పదేళ్ళకీ పేర్లు మారి మళ్ళీ వస్తుంటుంది. "పాత ఫ్యాన్స్‌కి మార్పు పడదు" అని చాలామంది తేలిగ్గా తీర్పు చెప్పేస్తారు గానీ, నేను చూసినంతలో వ్యవహారం దానికి పూర్తిగా తలకిందులు. మార్పు ఉంటుందనే వీళ్ళు ఎక్స్-మెన్ పట్టుకుంటారు. ఇచ్చిన మార్పుని కంపెనీ తిరిగి లాక్కున్నప్పుడే వీళ్ళకి మండుతుంది.

ముందు క్రాకోవా ఏంటో చెప్తాను. కథ గుట్టు కొంత బయటపడుతుంది, తప్పదు.

2019 జులై నుంచి అక్టోబర్ దాకా 'హౌస్ ఆఫ్ ఎక్స్', 'పవర్స్ ఆఫ్ ఎక్స్' అని రెండు సిరీస్‌లు వచ్చాయి, చెరి ఆరు ఇష్యూలు. రైటర్ జొనాథన్ హిక్‌మన్. మొదటిదానికి పెపే లరాజ్, రెండోదానికి ఆర్.బి. సిల్వా బొమ్మలు వేశారు. అప్పటిదాకా ఎక్స్-మెన్ అంటే చాలామంది మనసులో వెస్ట్‌చెస్టర్‌లో ఒక బంగళా, అందులో ఒక బడి, గేటు బయట వాళ్ళని చూసి భయపడే జనం. హిక్‌మన్ ఆ బడిని పక్కన పెట్టి మ్యూటెంట్లకి, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్ళకి, ఏకంగా ఒక దేశం ఇచ్చాడు. క్రాకోవా అనేది ప్రాణమున్న దీవి. 1975లో 'జైంట్-సైజ్ ఎక్స్-మెన్' మొదటి ఇష్యూలో ఇదే విలన్. ఇప్పుడు అదే ఇల్లయింది. అక్కడి పూల నుంచి మూడు మందులు తయారుచేస్తారు: మనిషి ఆయుష్షుని ఐదేళ్ళు పెంచేది ఒకటి, ఎలాంటి ఇన్ఫెక్షన్‌కైనా పనిచేసే యాంటీబయాటిక్ ఒకటి, మనసు జబ్బుల్ని నయం చేసేది ఒకటి. మందులు కావాలా, అయితే మమ్మల్ని దేశంగా గుర్తించండి అని ప్రపంచానికి షరతు పెడతారు. మాగ్నెటో, అపోకలిప్స్, మిస్టర్ సినిస్టర్ లాంటి పాత శత్రువులకి క్షమాభిక్ష, పైగా ప్రభుత్వంలో కుర్చీలు.

వీటన్నిటికంటే పెద్దది చావు లేకపోవడం. ఐదుగురు మ్యూటెంట్లు తమ శక్తులు కలిపి గుడ్లలో కొత్త శరీరాలు పెంచుతారు. సెరెబ్రో అనే యంత్రంలో దాచి ఉంచిన మనసు కాపీని ఎక్స్-మెన్ గురువు జేవియర్ ఆ శరీరంలోకి దించుతాడు. చచ్చినవాడు లేచి కూర్చుంటాడు.

ఇలా చెప్తే వింత ఐడియాల మూటలా ఉంటుంది, పేజీ మీద చూడాలి. 'హౌస్ ఆఫ్ ఎక్స్' నాలుగో ఇష్యూలో సైక్లాప్స్, జీన్, వుల్వరిన్, నైట్‌క్రాలర్ తదితరులు సూర్యుడి దగ్గరున్న ఒక అంతరిక్ష కేంద్రాన్ని పాడుచేయడానికి వెళ్ళి ఒక్కొక్కరే చచ్చిపోతారు. ఐదో ఇష్యూలో వాళ్ళే ఒంటి మీద నూలుపోగు లేకుండా గుడ్లలోంచి బయటికొస్తారు. స్టార్మ్ వాళ్ళని జనం ముందు నిలబెట్టి, వీళ్ళు మనవాళ్ళేనా అని అడుగుతుంటే, కింద నుంచి మ్యూటెంట్ అని హోరు. లరాజ్ ఆ జనాన్ని రాత్రి వెలుతురులో, చేతులు పైకెత్తి ఊగిపోతున్నట్టు వేశాడు. ఈ సన్నివేశం దగ్గరే అభిమానులు రెండు పాయలయ్యారు. కొందరికి గొంతులో ఏదో అడ్డుపడింది. ఎన్నేళ్ళ నుంచో ఊచకోతలకి గురవుతూ వచ్చిన జాతి మొదటిసారి చావు మీద గెలిచింది కదా. ఇంకొందరికి ఒళ్ళు జలదరించింది. ఇదేం భజన? స్టార్మ్ ఇలా మాట్లాడే మనిషేనా? వీళ్ళందరికీ ఎవరైనా మందు పెట్టారా?

నా ఉద్దేశంలో ఈ రెండూ హిక్‌మన్ కోరుకున్న స్పందనలే. నమ్మకం లేకపోతే 2020 ఫిబ్రవరిలో వచ్చిన 'ఎక్స్-మెన్' ఏడో ఇష్యూ చూడండి. వెనక కథ ఏంటంటే, 2005లో స్కార్లెట్ విచ్ ఒక్క మాటతో ప్రపంచంలోని మ్యూటెంట్లలో దాదాపు అందరి శక్తులూ తీసేసింది. అలా శక్తి పోయినవాళ్ళకి క్రాకోవాలో ఒక దారి ఉంది: చచ్చి మళ్ళీ పుడితే కొత్త శరీరంతో పాటు శక్తి తిరిగొస్తుంది. అయితే ఊరికే చావడానికి వీల్లేదు. అందరూ కూర్చుని చూస్తుండగా అపోకలిప్స్ ఎదుట కత్తి పట్టుకుని పోరాడి, అతని చేతిలో చావాలి. క్రూసిబుల్ అని దానికి పేరు. మెలడీ గత్రీ అనే అమ్మాయి అలా దెబ్బ మీద దెబ్బ తింటూ, వెనక్కి తగ్గే అవకాశం ఇచ్చినా తగ్గకుండా చస్తుంది. తర్వాత గాల్లో ఎగురుతూ తిరిగొస్తుంది. నైట్‌క్రాలర్ నికార్సైన క్యాథలిక్కు. అతను ఇదంతా చూసి తట్టుకోలేక సైక్లాప్స్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ, మ్యూటెంట్లకి ఒక మతం అవసరమేమో అనే దగ్గరికి వస్తాడు.

మొత్తం క్రాకోవా కాలంలో ఒక్క ఇష్యూ ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను. ఇందులో ఎవరూ దుర్మార్గులు కాదు. అందరికీ మంచే జరిగింది, అయినా చదివాక మనసు కుదుటపడదు. "ఇదొక కల్ట్, మా హీరోల్ని కల్ట్‌లో చేర్చారు" అన్నవాళ్ళు పుస్తకాన్ని తప్పుగా చదవలేదు. వాళ్ళకి కనిపించింది అక్కడ ఉన్నదే. పేచీ ఎక్కడొచ్చిందంటే, ఇంత పెద్ద ప్రశ్న లేవనెత్తాక జవాబు ఇదే సిరీస్‌లో దొరకదు. నైట్‌క్రాలర్ మతం సంగతి ఏడాది తర్వాత సై స్పరియర్ రాసిన 'వే ఆఫ్ ఎక్స్'లో తేలింది. ఏ నెలలో చూసినా పక్కపక్కన అరడజనుకి తగ్గకుండా సిరీస్‌లు నడుస్తున్నప్పుడు పాఠకుడు ఏది కొంటాడు, ఏది వదిలేస్తాడు? 2020లో వచ్చిన 'ఎక్స్ ఆఫ్ స్వోర్డ్స్' అయితే ఒక్క కథ 22 భాగాలు, అదీ వేర్వేరు పేర్ల కింద. ఒక సిరీస్ మాత్రమే కొనే మనిషికి క్రాకోవా ఎప్పుడూ సగం చెప్పి ఆపేసిన కథలాగే ఉంటుంది. ఈ ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళు న్యాయం.

అన్ని ఫిర్యాదులూ ఇంత బరువైనవి కావులెండి. 2019 'ఎక్స్-మెన్' మొదటి ఇష్యూలో చంద్రుడి మీద సైక్లాప్స్ వాళ్ళ సమ్మర్స్ కుటుంబం ఇంటి ప్లాన్ ఒక పేజీలో ఇచ్చారు. జీన్ గదికి ఒక పక్క స్కాట్ (సైక్లాప్స్) గది, ఇంకో పక్క లోగన్ (వుల్వరిన్) గది, మధ్యలో తలుపులు. బొమ్మలో మనుషులు లేరు, డైలాగ్ లేదు, ఉత్త ఇంటి నక్షా. దాని మీద జరిగినంత వాదన ఆ ఏడాది యుద్ధ సన్నివేశాల మీద కూడా జరగలేదు. ముగ్గురూ కలిసి ఉంటున్నారని కొందరు పండగ చేసుకున్నారు, నలభై ఏళ్ళ ప్రేమకథని ఒక నక్షాతో తేల్చేశారని కొందరు తిట్టిపోశారు. రైటర్లు దాన్ని సూటిగా అవుననీ కాదనీ చెప్పకుండా ఏళ్ళ తరబడి లాగారు. అది మాత్రం నాకు పిరికితనంలా అనిపించింది.

ఇక అసలు విషయానికొద్దాం. అభిమానులకి ఇంత పట్టింపు ఎందుకు? దీనికి జీన్ గ్రే దగ్గరికి వెళ్ళాలి.

ఎక్స్-మెన్‌ని 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టారు. పెద్దగా ఆడలేదు. 1970లో 66వ ఇష్యూతో కొత్త కథలు ఆగిపోయి, ఐదేళ్ళు పాత కథలే తిరిగి అచ్చయ్యాయి. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త జట్టు కట్టారు: కెన్యా నుంచి స్టార్మ్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, రష్యా నుంచి కొలోసస్, కెనడా నుంచి వుల్వరిన్. వెంటనే రచన క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి వచ్చింది. ఆయన 1991 దాకా, అంటే పదహారేళ్ళు, వదలకుండా రాశాడు. ఒకే మనిషి అంతకాలం రాయడంతో ఈ కామిక్‌కి మిగతా సూపర్‌హీరోలకి లేని గుణం ఒకటి వచ్చింది. ఇందులో మనుషులు ఎదుగుతారు. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, జట్టు వదిలి వెళ్ళిపోతారు, చస్తారు, చచ్చినవాళ్ళ లోటు తర్వాతి ఇష్యూల్లో కూడా తెలుస్తుంది. పాఠకులకి అలవాటైంది అదే.

ఆ అలవాటు 1980లో గట్టిపడింది. ఫీనిక్స్ శక్తితో పిచ్చెక్కిన జీన్ గ్రే ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదు వందల కోట్ల ప్రాణులు మాడిపోతాయి. క్లేర్‌మాంట్, ఆర్టిస్ట్ జాన్ బర్న్ మొదట వేసుకున్న ముగింపులో జీన్ శక్తులు పోగొట్టుకుని బతుకుతుంది. ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతమందిని చంపిన మనిషి శిక్ష లేకుండా ఇంటికెళ్ళడం కుదరదన్నాడు. దాంతో 137వ ఇష్యూ చివరి పేజీలు మార్చేశారు. చంద్రుడి మీద సైక్లాప్స్ చూస్తుండగానే జీన్ తన ప్రాణం తానే తీసుకుంటుంది. అప్పట్లో పాఠకులు గగ్గోలు పెట్టారు, కోపంగా ఉత్తరాలు రాశారు. కాలం గడిచేకొద్దీ అదే ఎక్స్-మెన్‌లో అత్యుత్తమ కథగా నిలిచింది. మొదటి ముగింపు కూడా 1984లో విడిగా అచ్చయింది, కుతూహలం ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. షూటర్ చెప్పిందే రైటని నా ఓటు.

ఇప్పుడు 1986కి రండి. 1963 నాటి మొదటి జట్టులోని ఐదుగురినీ కలిపి 'ఎక్స్-ఫ్యాక్టర్' అని కొత్త సిరీస్ పెట్టాలని మార్వెల్‌కి బుద్ధి పుట్టింది. జీన్ లేకుండా ఐదుగురు ఎక్కడినుంచి వస్తారు? అందుకని జమైకా బే అడుగున ఒక గూడులో జీన్ నిద్రపోతూ దొరికిందని, ఆ ఐదు వందల కోట్ల మందిని చంపిందీ చంద్రుడి మీద చచ్చిందీ ఆమె రూపం వేసుకున్న వేరే శక్తి అనీ కథ తిప్పేశారు. జరిగిపోయిన కథకి వెనకనుంచి కొత్త అర్థం అంటించడాన్ని కామిక్స్‌లో రెట్‌కాన్ అంటారు. రెట్‌కాన్లలో ఇది తలమానికం. అప్పటికే సైక్లాప్స్‌కి మ్యాడలిన్ ప్రయర్‌తో పెళ్ళయింది, చంటిపిల్లాడు ఉన్నాడు, అలాస్కాలో కాపురం. జీన్ బతికుందని ఫోన్ రాగానే భార్యనీ బిడ్డనీ వదిలేసి వెళ్ళిపోయాడు. మచ్చలేని నాయకుడనుకున్నవాడు ఒక్క నెలలో పెళ్ళాన్ని వదిలేసిన మొగుడయ్యాడు. తర్వాత ఆ మచ్చ కడగడానికని మ్యాడలిన్‌ని సినిస్టర్ తయారుచేసిన జీన్ క్లోన్‌ని చేశారు, ఆపైన రాక్షసిని చేసి చంపారు. తప్పు సైక్లాప్స్‌ది, శిక్ష మ్యాడలిన్‌కి. క్రాకోవాలో కూడా, అందరూ చావు నుంచి లేస్తుంటే, క్లోన్లకి ఆ భాగ్యం లేదని ఆమెని మొదట పక్కన పెట్టారు. ఆమె కోసం ఈనాటికీ కొట్లాడే అభిమానులున్నారు, వాళ్ళకి నా మద్దతు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, 1980లో జీన్‌ని చంపినందుకు ఏడ్చినవాళ్ళే 1986లో ఆమెని బతికించినందుకు తిట్టారు. ఏడ్చి ఏడ్చి ఒప్పుకున్న చావుని "అబ్బే, ఉత్తదే" అనేస్తే ఆ ఏడుపుకి విలువేముంది?

ఇదే ఆట 2001లో మళ్ళీ ఆడారు. గ్రాంట్ మారిసన్ 'న్యూ ఎక్స్-మెన్' పేరుతో 114వ ఇష్యూ నుంచి పగ్గాలు పట్టుకుని, రంగురంగుల బట్టలు తీసేసి తోలు జాకెట్లు తొడిగాడు, బడి గేట్లు తెరిచాడు, రెండో ఇష్యూలోనే జెనోషా అనే దీవిలో 1 కోటి 60 లక్షల మంది మ్యూటెంట్లని సెంటినెల్స్ అనే రోబోలతో చంపించాడు. మీరు ఎక్స్-మెన్ '97 ఐదో ఎపిసోడ్‌లో చూసి కళ్ళు తుడుచుకున్న ఊచకోతకి మూలం అదే. అప్పట్లో మాత్రం దాన్ని బూతులు తిట్టినవాళ్ళు బోలెడుమంది. సైక్లాప్స్ మనసులో మనసుగా ఎమ్మా ఫ్రాస్ట్‌తో సంబంధం పెట్టుకోవడం, మాస్కు కింద జోర్న్ అన్నవాడు అసలు మాగ్నెటో అని 146వ ఇష్యూలో తేలడం, ఆ మాగ్నెటో న్యూయార్క్‌లో మనుషుల్ని పొయ్యిల్లోకి తోలించడం, ఒక్కొక్కటీ ఒక్కొక్క యుద్ధం. నాజీ క్యాంపు నుంచి బతికి బయటపడ్డ మాగ్నెటో చేత ఆ పని చేయించడం ఘోరమని ఒక వర్గం, వాడు ఎప్పటికైనా అక్కడికే చేరతాడని ఇంకో వర్గం. మారిసన్ 2004లో వెళ్ళిపోయాడో లేదో మాగ్నెటో బతికే ఉన్నాడనీ, జోర్న్ వేరే మనిషనీ, ఆ పాపం మాగ్నెటోది కాదనీ చెప్పేశారు. తిట్టినవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళకి మూడేళ్ళు చదివింది వృథా అయినట్టు అనిపించింది.

ఈ పని రైటర్లకి అద్దె ఇల్లు లాంటిది. ఎంత మోజుపడి గోడకి మేకు కొట్టుకున్నా, ఖాళీ చేసిన మర్నాడే ఓనరు పీకేసి సున్నం వేయిస్తాడు. అద్దెకున్నవాడికి ఆ సంగతి ముందే తెలుసు. ఆ గోడ చూసి మురిసిపోయిన పాఠకుడికే తెలియదు.

2005లో 'హౌస్ ఆఫ్ ఎమ్' (పైన చెప్పిన స్కార్లెట్ విచ్ కథ ఇదే) ముగింపుకి ఆ సున్నం ఇంకా దట్టంగా పడింది. లక్షల్లో ఉన్న మ్యూటెంట్లని దాదాపు రెండు వందలకి కుదించేశారు. అప్పటి ఎడిటర్ ఇన్ చీఫ్ జో కెసాడా వాదన, మ్యూటెంట్లు మరీ ఎక్కువైపోయి వాళ్ళ ప్రత్యేకత పోయిందని. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఎక్స్-మెన్ కథంటే ఎక్కువగా అంతరించిపోతున్న జాతి చివరి ఊపిరే. 2012లో ఫీనిక్స్ ఆవహించిన సైక్లాప్స్ చేతిలో జేవియర్ చచ్చాడు. అక్కడ కూడా సైక్లాప్స్ చేసిందే రైటని అంగీల మీద రాయించుకుని తిరిగే వర్గం ఒకటి పుట్టింది. సినిమా హక్కులు ఫాక్స్ దగ్గర ఉన్నాయి కాబట్టే మార్వెల్ ఎక్స్-మెన్‌ని తొక్కేసి, శక్తులున్న ఇంకో జాతి ఇన్‌హ్యూమన్స్‌ని పైకి లేపుతోందని ఆ రోజుల్లో ఎంతమంది అన్నారో లెక్కలేదు. ఆ అనుమానం ఎంత నిజమో గానీ, ఇన్‌హ్యూమన్స్ పొగమంచుకి మ్యూటెంట్లు జబ్బుపడి చావడం మాత్రం పేజీల మీద ఉంది. 2019 మార్చిలో డిస్నీ ఫాక్స్‌ని కొనేసింది. జులైలో క్రాకోవా వచ్చింది. ఆ పద్నాలుగేళ్ళూ ఓపిక పట్టిన పాఠకుడికి 'హౌస్ ఆఫ్ ఎక్స్' ఎందుకంత తియ్యగా ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. అదే, తొంభైల కార్టూన్ చూసి వచ్చినవాడికి బంగళా లేదు, బడి లేదు, క్లాసు లేదు, విలన్లు పక్కన కూర్చుని భోంచేస్తున్నారు. ఇద్దరూ ఒకే పేజీ తిప్పారు.

మన దగ్గర ఈ చీలిక కాస్త వేరుగా ఉంటుంది. మనలో ఎక్కువమందికి ఎక్స్-మెన్ అంటే ముందు సినిమాలు, కార్టూన్. కాబట్టి అందరికంటే ముందు వుల్వరిన్. కామిక్స్ చేతికొచ్చిన వరసలో చదివాం, అచ్చయిన వరసలో కాదు. నేను జీన్ తిరిగి రావడం ముందు చదివి, చావు తర్వాత చదివాను. ఆమె చావు మీద నాకు అమెరికా పాఠకుడికి ఉన్నంత పట్టు లేదు, అందుకే ఆమె తిరిగిరావడం మీద అంత కోపమూ లేదు. ఇంకో సంగతి, మన ఆడపిల్ల ఒకతె క్రాకోవా కథలో కీలకంగా ఉంది. కరీమా షపందార్ అని భారతీయ పోలీసు అధికారిణిని 2000లో క్లేర్‌మాంట్ సృష్టించాడు, ఆమె ఒమేగా సెంటినెల్‌గా మారుతుంది. చాలాకాలం పాటు ఎవరూ పట్టించుకోని పాత్ర. హిక్‌మన్ ఆమెని మ్యూటెంట్లకి శత్రువైన ఆర్కిస్ సంస్థలో పెట్టి, ఆమె భవిష్యత్తు నుంచి వచ్చిందని 'ఇన్‌ఫెర్నో'లో బయటపెట్టాడు. అప్పటిదాకా ఆమెని ప్రాణమున్న మనిషిగా చూసినవాళ్ళకి అదీ గుచ్చుకుంది.

మళ్ళీ వరసలోకి వద్దాం. క్రాకోవా మీద అభిమానులే కాదు, రాసేవాళ్ళు కూడా ఒక్క మాట మీద లేరు. హిక్‌మన్ మూడు అంకాల కథ అనుకుని వచ్చాడు. తీరా రెండో అంకానికి కదులుదామనేసరికి మిగతా రైటర్లకి మొదటి అంకం తెగ నచ్చేసింది, ఇక్కడే ఇంకొంత కాలం ఉందామన్నారు. ఈ విషయం ఆయనే 2021లో బయటికి చెప్పి, నాలుగు ఇష్యూల 'ఇన్‌ఫెర్నో' రాసి తప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చినదాంట్లో ఎత్తుపల్లాలు బాగా ఎక్కువ. కియరన్ గిలెన్ 'ఇమ్మోర్టల్ ఎక్స్-మెన్' ఒక్కో ఇష్యూ ప్రభుత్వంలోని ఒక్కో సభ్యుడి గొంతుతో నడుస్తుంది, హాయిగా చదివిస్తుంది. ఆల్ యూయింగ్ 'ఎక్స్-మెన్ రెడ్'లో స్టార్మ్‌ని చూశాక ఇంకెవరు రాసిన స్టార్మూ ఆనదు. జెరీ డగన్ రాసిన ప్రధాన సిరీస్ నాకు సాదాసీదాగానే అనిపించింది. దానికోసం 2021 నుంచి జట్టులో ఒకరిని ఓట్లతో ఎన్నుకోమన్నారు. పొలారిస్ గెలిచింది, ఆమె అభిమానులు సంబరపడ్డారు, కథలో మాత్రం ఆమె గెలుపుకి తగ్గ పనేమీ దొరకలేదు. బీస్ట్‌ని 'ఎక్స్-ఫోర్స్'లో యుద్ధ నేరస్తుణ్ణి చేశారు. జేవియర్ పాత స్నేహితురాలు, శాస్త్రవేత్త మొయిరా మెక్‌టాగర్ట్ సంగతి మరీ అన్యాయం. పది జన్మలెత్తిన మ్యూటెంట్‌గా ఆమెని మార్చి రాసిన 'హౌస్ ఆఫ్ ఎక్స్' రెండో ఇష్యూ అంత చురుకైన కథ ఈమధ్య రాలేదు. అలాంటి మనిషిని మూడేళ్ళలో కసాయి రోబోని చేసి వదిలేశారు. క్రాకోవాని మెచ్చుకునేవాళ్ళు కూడా ఈ విషయం దగ్గర మాట్లాడకుండా తల పక్కకి తిప్పుకుంటారు.

2023లో హెల్‌ఫైర్ గాలా అనే మ్యూటెంట్ల విందులో ఆర్కిస్ దాడితో పతనం మొదలైంది, 2024 జూన్‌లో 'ఎక్స్-మెన్' 35వ ఇష్యూతో క్రాకోవా వెళ్ళిపోయింది. జులై నుంచి ఎడిటర్ టామ్ బ్రివోర్ట్ ఆధ్వర్యంలో 'ఫ్రమ్ ది యాషెస్' పేరుతో అంతా మళ్ళీ మొదలు. జెడ్ మెకే రాసే సిరీస్‌లో సైక్లాప్స్ జట్టు అలాస్కాలో ఉంటుంది. భార్యని వదిలేసిన ఊరున్న రాష్ట్రానికే తిరిగొచ్చాడన్నమాట. గెయిల్ సిమోన్ 'అన్‌కానీ ఎక్స్-మెన్'లో రోగ్, గ్యాంబిట్ వాళ్ళు లూయిజియానాలో నలుగురు కొత్త పిల్లల్ని చేరదీస్తారు. ఈవ్ ఎల్. యూయింగ్ 'ఎక్సెప్షనల్ ఎక్స్-మెన్'లో కేట్ ప్రైడ్ షికాగోలో ఇంకో ముగ్గురు పిల్లల్ని దగ్గర తీస్తుంది. పాత బంగళాని జైలు చేశారు, ఆ ఆలోచన మాత్రం నాకు నచ్చింది.

బడి, పిల్లలు, కుటుంబం తిరిగొచ్చాయని ఒక వర్గం ఊపిరి పీల్చుకుంది. చావుని జయించిన జాతి అయిదేళ్ళలో మళ్ళీ ఫ్యాక్టరీల్లోనూ పాత ఇళ్ళలోనూ తలదాచుకోవడమేంటని ఇంకో వర్గం మండిపడింది. వీళ్ళని గతాన్ని పట్టుకు వేలాడేవాళ్ళనడం నాకు సబబుగా అనిపించదు, వీళ్ళు కొత్తని ఇష్టపడినవాళ్ళు. పైగా ఈ కథల్లో మ్యూటెంట్లు ఏదో ఒక అణగారిన జనానికి ప్రతినిధులని అరవై ఏళ్ళుగా మనకి నేర్పింది ఈ పుస్తకమే. 1982లో క్లేర్‌మాంట్ ఒక మతబోధకుడినే విలన్‌ని చేసి ఒక పెద్ద కథ రాశాడు. అలాంటి జనానికి ఒకసారి సొంత గడ్డ ఇచ్చి, అమ్మకాల కోసం దాన్ని తీసేస్తే, అది కేవలం జట్టు మారడంలా అనిపించదు. కొత్త నంబర్ ఒకటితో సిరీస్ మొదలైతే షాపులు ఎక్కువ కాపీలు ఆర్డర్ చేస్తాయన్నది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన రహస్యం. 1991లో 'ఎక్స్-మెన్' మొదటి ఇష్యూ 80 లక్షల కాపీలకి పైగా అమ్ముడై గిన్నిస్‌లో ఉంది. అవన్నీ షాపులు కొన్నవి. అందులో ఎన్ని అట్టపెట్టెల్లోనే మూలిగాయో పాత షాపులవాళ్ళని అడిగితే చెప్తారు.

అయినా నా ఓటు క్రాకోవాకే, అదీ మొదటి రెండేళ్ళకి. ముగింపు బాగోలేదని మొదలు చెడిపోదు. జీన్‌ని తిరిగి తెచ్చినంత మాత్రాన 137వ ఇష్యూ చివరి పేజీలు చప్పబడ్డాయా?

ఇక మీరేం చేయాలో చెప్తాను. ఎక్స్-మెన్ '97లో మీకు నచ్చింది ఆ ఇంట్లో వాళ్ళ అలకలు, ప్రేమలు, బంతాటలు అయితే క్రాకోవా జోలికి ఇప్పుడే వెళ్ళకండి. 'జైంట్-సైజ్ ఎక్స్-మెన్' చదివి, 94వ ఇష్యూ పట్టుకుని 137 దాకా రండి. మొదటి పది పన్నెండు ఇష్యూలు మాటలు ఎక్కువై కాస్త భారంగా ఉంటాయి, 108లో బర్న్ వచ్చాక పరుగెడతాయి. కొత్తవి కావాలంటే సిమోన్ 'అన్‌కానీ' మీకు పడుతుంది. అలా కాక, జెనోషా ఎపిసోడ్ తర్వాత ఈ జనం ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న మిమ్మల్ని వదలకపోతే, నేరుగా 'హౌస్ ఆఫ్ ఎక్స్', 'పవర్స్ ఆఫ్ ఎక్స్' కలిపి వేసిన ఒకే సంపుటం తీసుకోండి. అందులో పన్నెండూ రావాల్సిన వరసలోనే ఉంటాయి, విడివిడిగా చదివితే తల తిరుగుతుంది. యాప్‌లో అయితే వరస మీరే చూసుకోవాలి. కొత్త ఇష్యూలు షాపులో వచ్చిన మూడు నెలలకి అందులో చేరతాయి కాబట్టి తొందరపడి కొనక్కర్లేదు. ఆ పన్నెండు అయ్యాక 2019 'ఎక్స్-మెన్' ఏడో ఇష్యూ దాకా వెళ్ళండి. క్రూసిబుల్ చూసి కడుపులో తిప్పి పుస్తకం మూసేయాలనిపిస్తే మూసేసి క్లేర్‌మాంట్ దగ్గరికి వెళ్ళిపోండి. కడుపులో తిప్పినా పేజీ తిప్పాలనిపిస్తే 'ఇన్‌ఫెర్నో' దాకా ఆగకండి, ఆ తర్వాత గిలెన్, ఆల్ యూయింగ్ రాసినవి రెండే చదివి మిగతావి వదిలేయండి.